ఆ ఇంటి మూడో ఓటు

మా ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టి చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. మొన్న మాఘమాసంలో ఆ చావు ఆయనదే అయింది. వాకిలి నిండా జనం ఉన్నారు గానీ, ఎంతమందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆయన్ని ఊరంతా కండక్టరనే పిలిచేది. ఈపూరు, వినుకొండ, బొల్లాపల్లి దారుల్లో తిరిగే ఎర్రబస్సుల్లో ఏళ్ళ తరబడి టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. మా ఆయన వైపు వరసను బట్టి నాకు మామయ్య. రిటైరయ్యారే గానీ ఆయన బస్సు దిగలేదని అత్తయ్య దెప్పుతుండేది. "మీ మామ ఇంట్లో కూడా ఫుట్‌బోర్డు మీదే నిలబడతాడమ్మాయ్" అనేది. నిజమే. ఎవరింటికి వెళ్ళినా లోపలికి వచ్చి కూర్చునేవారు కాదు. ఒక కాలు గడప మీద, భుజం ద్వారబంధానికి ఆనించి, చెవి మీద పెన్నుతో అలాగే నిలబడి మాట్లాడేవారు. మాట అయిపోయిందని ఆయనకనిపిస్తే "రైట్" అనేసి వెళ్ళిపోయేవారు. మన మాట ఇంకా సగంలో ఉన్నా సరే. ఎవరైనా తొందరపడితే "హోల్డాన్" అని కేక వేసేవారు. పెళ్ళి భోజనాల దగ్గర పెద్దమనుషుల్ని కూడా "ముందుకు జరగండి, ముందు ఖాళీగా ఉంది" అని తోసేవారు. నాకసలే కోపం ముందు, బుద్ధి వెనక. కాపురానికి వచ్చిన కొత్తలో ఈయనెవరు మా వాళ్ళని తోయడానికని ఒళ్ళు మండేది.

ఆయనకో సిద్ధాంతం ఉండేది. దాన్ని అన్నం ఉడకటం దగ్గర్నుంచి కోర్టు వాయిదాల దాకా అన్నిటికీ వాడేవారు. "ముసల్ది రెండో కాలు లోపల పెట్టిందాకా విజిల్ ఎయ్యగూడదు. డ్రైవరు తిట్టనీ, జనం తిట్టనీ. మనం ఉండేదే అందుకు." ఈ మాట నేను కనీసం వందసార్లు విని ఉంటాను. మొదటి యాభైసార్లు దాని అర్థం నాకు పట్టలేదు.

నేను మా ఊరి బడిలో టీచర్ని. పిల్లలకు చదువు చెప్పటంతోపాటు ఊరి ఓటర్ల లిస్టు చూసే పని కూడా మా మెడకే తగిలిస్తారు. ఇంటింటికీ తిరిగి కొత్త పేర్లు చేర్చాలి, పోయినవాళ్ళ పేర్లు తీయించాలి. అలా తిరుగుతూ ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య రెండు పేర్లు చెప్పింది, తనదీ మామయ్యదీ. రెండిటికీ టిక్కు పెట్టుకున్నాను. వసారాలో నాంచారమ్మ కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాంచారమ్మ మామయ్య చెల్లెలు, అప్పటికి నలభై దాటి ఉంటాయి. పుట్టుకతోనే బుద్ధి సరిగా ఎదగలేదు. మాట నిదానం, అర్థం చేసుకోవటం నిదానం, లెక్క పది దాటదు. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వి, లిస్టు మూసేసి లేచాను. ఆమె పేరు అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు ముందు ఈ పని చేసినవాళ్ళకూ వచ్చినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే మామయ్య మా క్లాసు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఒక కాలు గడప మీద. పిల్లలు ఏడో ఎక్కం వల్లిస్తున్నారు.

"కోడలా, మా ఇంట్లో ఎంతమందికి ఓట్లని రాశావు?"

"ఇద్దరికి మామయ్యా."

"ముగ్గురం గందా ఉండేది?"

"నాంచారమ్మకి ఓటు ఎలా ఇస్తారు మామయ్యా? ఆమెకి..." పిల్లలు వింటున్నారని నోటితో అనకుండా వేలు కణత దగ్గర పెట్టి చూపించాను. ఆ వేలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆయనకు కోపం రాలేదు. చెవి మీది పెన్ను తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఏ కోర్టు చెప్పింది?" అన్నారు.

"కోర్టేంటి?"

"మా చెల్లికి బుర్ర లేదని ఏ కోర్టులో తేల్చారు? నేను నర్సరావుపేటలో వకీల్ని అడిగొచ్చా. కోర్టు తేలిస్తేనే ఓటు తియ్యాలంట. నువ్వూ నేనూ తేలిస్తే చెల్లదంట. ఆర్డరు కాయితం ఉంటే చూపిచ్చు, నోరు మూసుకోని పోతా. లేకపోతే ఫారం తియ్యి."

నాకు చర్రుమంది. పిల్లల ముందు నాకు రూల్సు చెబుతారా అని. "కనుక్కుని చెబుతాను" అని పంపించేశాను. ఆ సాయంత్రం ఆఫీసులో అడిగితే ఆయన చెప్పిందే రైటన్నారు. రైటని తెలిశాక కోపం పోవాలి కదా, నాది పోలేదు. మర్నాడు ముష్టి వేసినట్టు ఫారం ఇచ్చి, ఊరుకోలేక ఒక మాట కూడా అన్నాను. "ఆమె పేరుతో చివరికి నొక్కేది మీరేగా మామయ్యా, మీకు రెండో ఓటు వచ్చినట్టే."

ఆయన అప్పటికే వెనక్కి తిరిగారు. ఆగి, "రెండు టికెట్లు కొనుక్కోని ఒక సీట్లో కూకునే పిచ్చోడు ఉంటాడా కోడలా? రైట్" అని వెళ్ళిపోయారు.

కార్డు వచ్చాక వాళ్ళ వసారాలో మొదలైన తతంగం చూసి ఊరు ఊరంతా నవ్వింది. వినుకొండ వెళ్ళి ఇళ్ళ తలుపులకు పెట్టే కాలింగ్ బెల్లు బటన్లు నాలుగు కొనుక్కొచ్చి చెక్కకు బిగించారు. కీ...మని పొడుగ్గా మోగే బజరు ఒకటి దానికి తగిలించారు. ఒక్కో బటన్ పక్కన ఒక్కో బొమ్మ అతికించారు: వంకాయ, దొండకాయ, కాకరకాయ, కోడిగుడ్డు. చుట్టూ టీవీ అట్టపెట్టె కోసి మరుగు కట్టారు. నొక్కినవాళ్ళు ఆ బొమ్మ ముందున్న గిన్నెలో ఒక చింతగింజ వేసి రావాలి, చివర్లో గింజలు లెక్కపెట్టేది మామయ్యే. ప్రతి ఆదివారం పదకొండింటికి ఓటింగు. ఏ కూరకి ఎక్కువ ఓట్లొస్తే ఆ పూట అదే వండాలి. "ఏది గెలిచినా పొయ్యి దగ్గర చచ్చేది నేనేగా" అని అత్తయ్య సణిగేది గానీ, ఆవిడ కూడా వరసలో నిలబడి నొక్కి వెళ్ళేది.

ఈ సంగతి చుట్టుపక్కల పాకింది. ఈపూరు నుంచి ఒకావిడ ముప్ఫై ఏళ్ళ కొడుకును తీసుకొచ్చింది. బొల్లాపల్లి వైపు నుంచి మరో ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చారు. అందరి పిల్లలూ పెద్దవాళ్ళయినవాళ్ళే, అందరూ నాంచారమ్మ లాంటివాళ్ళే. మీరే మావాళ్ళకు కూడా తోడుండి వేయించండని ఆ తల్లులు బతిమాలారు. తోడుగా లోపలికి వెళ్ళే మనిషి ఒక్కరికే వెళ్ళాలని రూలు. మామయ్యకు ఆ రూలు తెగ నచ్చింది. "ఒక టికెట్టు మీద ఆరుగురు ఎక్కుతారా? ఎవురి ఓటు వాళ్ళు ఏసుకోవాల్సిందే. మోయకండి. నడిపియ్యండి" అన్నారు.

నేను మొదట్లో ఆదివారాలు వింత చూడటానికి వెళ్ళాను. తర్వాత భోజనానికని వెళ్ళాను. ఆ తర్వాత ఏ వంకా లేకుండానే వెళ్ళాను.

అక్కడే ఒక సంగతి బయటపడింది. ప్రతి ఆదివారం మామయ్య మొదట నొక్కి వచ్చేవారు. నాంచారమ్మ "అన్నాయ్, నువ్వేది నొక్కావు?" అని అడిగేది. ఆయన చెప్పేవారు. ఆమె వెళ్ళి అదే నొక్కేది. ఆమెను చూసి మిగిలినవాళ్ళూ అదే నొక్కేవారు. మూడు నాలుగు వారాలు వరసగా మామయ్యకిష్టమైన వంకాయే గెలిచింది. ఊళ్ళో వేరెవరైనా అయితే మీసం మెలేసేవారు. ఈయన దిగులుపడ్డారు. "ఇది మిషన్ నేర్చుకుంది కోడలా, ఓటు నేర్చుకోలా" అన్నారు.

మరుసటి ఆదివారం నాంచారమ్మ అడగ్గానే "కాకరకాయ" అన్నారు. కాకరకాయంటే నాంచారమ్మకు ప్రాణం పోతుంది, వాసన వస్తేనే ముక్కు మూసుకుంటుంది. అయినా వెళ్ళి కాకరకాయే నొక్కింది. కాకరకాయ గెలిచింది. అందరం కాకరకాయ కూరతో తిన్నాం. ఆమె ఒక్కో ముద్దా మింగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తయ్యకు జాలేసి గుడ్డు వేయించబోతే మామయ్య ఒప్పుకోలేదు. "అదే ఏసింది, అదే తినాలి" అన్నారు. ఆ క్షణంలో ఆయన నాకు రాక్షసుడిలా కనిపించారు. మొహం మీదే అనేశాను కూడా. ఆయన విననట్టు తన కంచంలో కాకరకాయ కలుపుకున్నారు. ఆయనకూ అది పడదని అత్తయ్య తర్వాత చెప్పింది.

రెండో ఆదివారం కాకరకాయ. మూడో ఆదివారం కాకరకాయ. నాలుగో ఆదివారం నాంచారమ్మ ఎప్పటిలాగే అడిగింది. ఆయన ఎప్పటిలాగే "కాకరకాయ" అన్నారు. ఆమె అట్టపెట్టె వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. బజరు మోగింది. బయటికి వచ్చి ఎవరి వైపూ చూడకుండా గబగబా వంటింట్లోకి పోయి, గుడ్ల బుట్ట తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది.

"ఏమే నాంచారీ, నేను కాకరకాయన్నా గదంటే!" అన్నారు మామయ్య.

"నువ్వు తిను" అంది నాంచారమ్మ.

ఆయన పొంగిపోయారు. తన మాట కాదన్నందుకు అంత సంబరపడిన మగవాణ్ణి నేను మా పల్నాడులో ఆ ఒక్కసారే చూశాను.

గెలవటం నేర్పడం సులువే, ఓడటం నేర్పడానికి మాత్రం ఇంకా చాలా వారాలు పట్టింది. గుడ్డు ఓడిన రోజున నాంచారమ్మ కంచం తోసేసింది. ఈపూరు అతను చెప్పులేసుకుని బయల్దేరిపోయాడు. "ఓడినా అన్నం తినాల. గెలిచినోడి పక్కన కూకోనే తినాల" అని మామయ్య ఒక్కొక్కర్నీ బుజ్జగించి కూర్చోబెట్టేవారు. వాళ్ళకు చెబుతున్నారు గానీ, ఆ మాట వినాల్సినవాళ్ళు బజారులో ఉన్నారని నాకనిపించేది. మా వైపు ఎన్నికల్లో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ గుమ్మం ముందు నుంచి నడవటం కూడా మానేస్తారు.

నిజం ఎన్నికలు దగ్గరికొచ్చాయి. నలభై ఏళ్ళుగా ఆ వసారాలో కూర్చున్నా నాంచారమ్మ ఎవరికీ కనపడలేదు. ఓటు వచ్చేసరికి అందరికీ కనపడింది. ప్రచారానికి వచ్చిన ఒక కుర్ర నాయకుడు మామయ్యకు దండం పెట్టి "మూడోట్లూ మనయ్యేగా బాబాయ్" అన్నాడు.

"రెండింటి సంగతి నాతో మాట్లాడు. మూడోది ఆడ కూకోనుంది, పోయి అడుగు."

అతను ఇబ్బందిగా నవ్వి నాంచారమ్మ ముందుకెళ్ళి, చంటిపిల్లతో మాట్లాడినట్టు "ఏం కావాలమ్మా, బిస్కట్లు కావాలా?" అన్నాడు.

నాంచారమ్మ తొడిమ తీసి పక్కన పెట్టింది. ఆ ఇంటికి నీళ్ళు మోసుకొచ్చేది ఆమే. "కుళాయి రోజూ రాదే?" అని అడిగింది.

అతను పక్కింటి వైపు తిరగబోయాడు. అతని వెంట వచ్చిన ఆడవాళ్ళు మాత్రం "అవును, అడిగిందానికి చెప్పయ్యా" అని తగులుకున్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అంతమంది ఓట్లున్నవాళ్ళం ఉండి, ఆ బజారులో ఆ మాట అడిగింది నాంచారమ్మే.

అసలు గొడవ ఇంట్లో నుంచే వచ్చింది. పోలింగుకు ముందు రోజు సాయంత్రం ఓటరు చీటీ ఇవ్వటానికి వెళ్ళాను. మామయ్య వాళ్ళన్న అక్కడే ఉన్నారు. మాకు పెద్ద మామయ్య. ఊళ్ళో పార్టీకి పెద్ద దిక్కు. ఆ కుటుంబంలో పుట్టినవాళ్ళూ, మెట్టినవాళ్ళూ తరతరాలుగా ఒకే గుర్తుకు వేస్తారని పేరు.

"చెల్లికి గుర్తు చెప్పావంట్రా?" అని అడిగారు పెద్ద మామయ్య.

"అన్ని గుర్తులూ చూపిచ్చా."

"మనది చెప్పావా అంటన్నా."

"చెప్పలా. చెప్పను."

"మనింటి ఓటు పక్కకి పోయిందంటే రేపు నేను బజార్లో తలెత్తుకోని తిరగాలా వొద్దా? తోడు నేనెళ్తా. దాని చెయ్యి పట్టి నేనే నొక్కిస్తా. నీకు చేతగాకపోతే పక్కకి తప్పుకో."

"చెయ్యి పట్టేదానికైతే ఇన్ని ఆదివారాలు ఈ యాగీ ఎందుకన్నా? ఆరోజే నీకు అప్పజెప్పేవోణ్ణి."

పెద్ద మామయ్య కండువా దులిపి, మళ్ళీ ఈ గడప తొక్కనని వెళ్ళిపోయారు. మామయ్య "రైట్" అనలేదు. అన్నాల దగ్గర తప్ప మొదటిసారి ఆయన నా ఎదుట కూర్చున్నారు, గడప మీదే. కాసేపటికి "నా గుర్తుకే ఎయ్యాలని నాకు మాత్రం లేదా కోడలా? వారం బట్టి నోటిదాకా వస్తంది. మింగుతున్నా" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఎంత పెద్ద మనిషో. తన పార్టీ ఓడితే రెండ్రోజులు పేపరు ముట్టని మనిషి ఆయన. కోరిక లేనివాడు ఊరుకోవటంలో గొప్పేముంది?

పోలింగు మా బళ్ళోనే, నా క్లాసురూములోనే. నేను లిస్టు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. పదిన్నరప్పుడు లోపలి నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి నాంచారమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, నీళ్ళ సీసా పెట్టిన ప్లాస్టిక్ సంచి పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది. వేలికి సిరా పెట్టారు. పక్కన మామయ్య. గుమ్మంలో పెద్ద మామయ్య.

ఒక పార్టీ ఏజెంటు "ఈమెకి తెలవదు సారూ, తోడు కావాలి, ఇదుగో వాళ్ళ పెద్దన్న ఉన్నాడు" అంటున్నాడు. రెండో పార్టీ ఏజెంటు బల్ల గుద్దుతున్నాడు. "తోడు పేరుతో మీరు నొక్కుకునేదానికా? అసలీమెకి ఓటేంది?"

పోలింగు ఆఫీసరు వేరే ఊరి మనిషి, చిన్నవాడు. చెమటలు కారిపోతున్నాడు. "మేడమ్, ఈమె ఓటరేనా?" అని నన్నడిగాడు.

"ఓటరే. నేనే రాశాను" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, సిగ్గులేకుండా.

అతను మామయ్య వైపు తిరిగాడు. "తోడు మీరు వెళ్తారా, ఆయన వెళ్తారా?"

"మమ్మల్నడుగుతారేంది సారూ? ఓటు మాది గాదు గందా. ఆమెనడగండి."

"అమ్మా, మీకు తోడు ఎవరైనా కావాలా?"

నాంచారమ్మ పెద్దన్న వైపు చూసింది. ఆయన రమ్మన్నట్టు తల ఊపారు. చిన్నన్న వైపు చూసింది. మామయ్య తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నారు. తన మొహం చూసి ఆమె ఏదైనా పోల్చుకుంటుందేమోనని ఆయన భయం. ఆమె తన సంచి మామయ్య చేతిలో పెట్టి, ఒక్కతే నడిచి అట్ట వెనక్కి వెళ్ళింది.

తర్వాత ఏమీ జరగలేదు. చప్పుడు లేదు. బయట లైనులో గొణుగుడు మొదలైంది. "నిద్రపోయిందా ఏంది?" అని ఎవరో అన్నారు. "మిషన్ పాడు చేసిద్ది సారూ, పోయి చూడండి" అన్నాడు ఏజెంటు. ఆఫీసరు కుర్చీలోంచి సగం లేచాడు.

"హోల్డాన్!"

బస్సు వెనక నుంచి డ్రైవరుకు వినపడేటంత కేక. బయట లైను కూడా గప్‌చుప్ అయిపోయింది. "రెండో కాలు ఇంకా లోపల పెట్టలా సారూ" అన్నారు మామయ్య, ఈసారి మెల్లగా. ఆఫీసరుకు ఏం అర్థమైందో గానీ కూర్చున్నాడు. నాకు అర్థమైంది. యాభైసార్లు విన్నా పట్టని మాట ఆ రోజు పట్టింది.

బీప్ మోగింది. నాంచారమ్మ బయటికి వచ్చింది. తిన్నగా ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్ళి, "ఏది గెలిచింది?" అని అడిగింది.

గదిలో అందరూ నవ్వేశారు, బల్ల గుద్దిన ఏజెంటుతో సహా. మామయ్య నుదురు కొట్టుకున్నారు. వసారాలో నొక్కిన పది నిమిషాలకే గెలుపు తేలిపోయేది, అన్నంలోకి కూర వచ్చేది. నిజం ఓటుకు రోజులు పడతాయన్నది తప్ప ఆయన అన్నీ నేర్పారు. "ఇది చెప్పటం మర్చిపోయా కోడలా" అని బయటికొచ్చాక కూడా నొచ్చుకుంటూనే ఉన్నారు. లెక్కింపు దాకా ఆమె ఎదురుపడిన ప్రతివాణ్ణీ ఆ ప్రశ్నే వేసింది. ఊళ్ళో వాళ్ళు రోజూ ఆమెకు సర్దిచెప్పాల్సి వచ్చింది.

అందరి కథా ఇలా ముగియలేదు. ఈపూరు అతను తన ఊళ్ళో లోపలికి వెళ్ళి, ముందు మనిషి నొక్కిన బీప్‌కే బెదిరి చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చేశాడట. ఓటు పోయింది. మామయ్య అతన్ని ఒక్క మాట అనలేదు. నెలరోజుల పాటు రకరకాల బజర్లు తెచ్చి వసారాలో మోగించారు. తప్పు తనదేనన్నారు.

లెక్కింపు నాడు ఎవరు గెలిచారో టీవీలో చెప్పారు. నాంచారమ్మ విన్నది. విని అన్నం తిన్నది. ఎవరికి వేశావని అత్తయ్య అడిగితే తల అడ్డంగా ఊపింది. ఎవరికీ చెప్పకూడదని ఆయనే నేర్పారు మరి. నాలుగు రోజుల తర్వాత మామయ్య నా క్లాసు గుమ్మంలోకి వచ్చి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అది తినే తీరు చూసి కనుక్కుందామనుకున్నా కోడలా. ఓడితే కంచం నెడుతుందని కాపేసి కూకున్నా. మామూలుగానే తిన్నది. ఏం తేలలా" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ సంగతి తేలకుండానే ఆయన పోయారు.

దహనమయ్యాక రెండు నెలలకు లిస్టు సవరణ వచ్చింది. పోయినవాళ్ళ పేరు తీయటానికి ఫారం ఉంటుంది. ఇంట్లో ఓటున్న మనిషి దాని మీద సంతకమో వేలిముద్రో వేయాలి. నాలుగిళ్ళు చూశాక ఇక తప్పక వాళ్ళింటికి వెళ్ళాను. తమ్ముడు పోయాక పెద్ద మామయ్య పంతం మాని మళ్ళీ ఆ గడప తొక్కుతున్నారు. ఆ రోజూ అక్కడే ఉన్నారు. అత్తయ్య ఫారం చూసి "ఆ కాయితం మీద నా చెయ్యి ఆనదమ్మా" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"నాంచారితో ఏపిచ్చు" అన్నారు పెద్ద మామయ్య. ఆగి, "పన్లో పని, దాని పేరు కూడా తీసెయ్ కోడలా" అన్నారు.

"ఎందుకండీ?"

"తీసుకెళ్ళేవాడు పోయాడు గందా. నాకా ఓపిక లేదు. రేపు ఎవురో ఒకరు ఆటో ఎక్కిచ్చుకోని పోయి ఏదోటి నొక్కిస్తారు. నలుగురి నోళ్ళలో పడటం ఎందుకు దానికి? ఉన్నన్నాళ్ళు వాడి ముచ్చట తీరింది, సాలు."

ఈసారి ఆయన మాటల్లో పార్టీ లేదు. ముసలితనం, చెల్లెలి మీద బెంగ, అంతే. నా సంచిలో అలాంటి ఫారాలు ఇంకా ఉన్నాయి. నిజం చెప్పాలి, అదే మంచిదేమోనని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

"ఆమెనే అడుగుదాం మామయ్యా" అన్నాను.

నాంచారమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. లిస్టులో ఆ ఇంటి పేజీ తీసి ఫోటోలు చూపించాను. "ఇది మీ అన్నయ్య. ఇది నువ్వు. అన్నయ్య పేరు తీసేస్తున్నాం. నీ పేరు కూడా తీసెయ్యమంటున్నారు పెద్దన్నయ్య. తీసేస్తే ఇంక ఓటు ఉండదు. ఉంచితే ఉంటుంది. నీ ఇష్టం."

ఆమె అన్న ఫోటో మీద వేలు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. పెద్ద మామయ్య ఏదో అనబోయి ఆగిపోయారు. వేలు నెమ్మదిగా జరిగి తన ఫోటో మీదికి వచ్చింది.

"అన్నాయ్ పోయాడు" అంది.

"అవునమ్మా."

"నేను పోలేదుగా."

పెద్ద మామయ్య కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకోవటం మొదలుపెట్టారు. నాంచారమ్మ బొటనవేలు ఇంకు పెట్టె మీద అద్ది, అన్న ఫారం మీద గట్టిగా నొక్కింది. నేను లిస్టులో ఆయన పేరు ఎదురుగా 'మరణించారు' అని రాశాను. కింది వరసలో ఆమె పేరు ఎదురుగా 'ఉన్నారు' అని రాశాను.